డబ్బా వ్యాక్స్ చాలాకాలం వాడాక: పేచీ మెరుపుతో కాదు, నీటి చుక్కలతోనే

కారు పెయింట్‌కి పట్టించే కార్నాబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం) పేస్ట్ వ్యాక్స్ కొనేవాళ్లలో సగం మంది మెరుపు కోసం కాదు, ఆ చుక్కల కోసమే కొంటారని నా అనుమానం. నేనూ అంతే. కడిగి, పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద, అదే క్లే బార్‌తో రుద్ది, పాలిష్ చేసి, వ్యాక్స్ పట్టించిన బోనెట్ మీద నీళ్లు గుండ్రంగా బొట్లు కట్టి నిలబడితే కష్టమంతా మర్చిపోతాం. ఫోటో తీసి నలుగురికీ పంపుతాం. రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డలు, నీడలో కడగడం లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. ఈ సమీక్షంతా ఆ చుక్కల గురించే.

ముందు మంచి చెప్పేస్తా. నాది ముదురు నీలం కారు. అలాంటి రంగు మీద ఈ వ్యాక్స్ తెచ్చిన నిగనిగ నాకు స్ప్రే రకాలతో రాలేదు. పలచగా పట్టిస్తే పని కూడా సులువే. ఫోమ్ అప్లికేటర్‌ని డబ్బాలో ఒక్కసారి తిప్పితే ఒక డోరుకి సరిపోతుంది. కాసేపాగి వేలితో గీస్తే కింద పెయింట్ శుభ్రంగా కనబడాలి, అప్పుడే తుడవాలి. మందంగా పట్టిస్తే మెరుపేమీ పెరగదు, భుజం నొప్పి పెరుగుతుంది. నల్ల ప్లాస్టిక్ అంచులకు తగిలితే మాత్రం తెల్లగా ఇరుక్కుపోయి ఓ పట్టాన వదలదు. అక్కడ ముందే టేపు అంటించుకోవాల్సిందే.

ఇక అసలు సంగతి. తామరాకు మీద నీటిబొట్టులా ఉందని మనం మురిసిపోతాం గానీ, తామరాకు కాస్త ఒంగితే బొట్టు జారిపోతుంది. బోనెట్ ఒంగదు కదా! డోర్ల మీద నీరు నిజంగానే జారిపోతుంది, తుడిచే పని సగం తప్పుతుంది. టాప్ మీద, బోనెట్ మీద ఏ బొట్టు ఆ చోటే కూర్చుంటుంది. వ్యాక్స్ లేని పెయింట్ మీద నీరు పలచగా పరుచుకుని ఆరుతుంది, అందులోని లవణాలు కూడా అంతటా పలచగానే దిగుతాయి. వ్యాక్స్ ఉన్నచోట అదే నీరు బొట్టుగా ముడుచుకుని, తనలోని కాల్షియం, మెగ్నీషియం మొత్తం ఒకేచోట దింపేసి ఆవిరైపోతుంది.

మా బోరు నీళ్లు బకెట్ అంచులకే తెల్లచారలు కట్టే రకం. ఓ ఎండాకాలం పొద్దున కారు కడిగి, డోర్లు తుడిచి బోనెట్ దగ్గరికి వచ్చేసరికి ఎండ దాని మీదికి వచ్చేసింది. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ లేదు. పక్కనుంచి ఒంగి చూస్తే బోనెట్ నిండా రింగులు. ఒక్కోటి ఒక్కో బొట్టంత, అంచు మందంగా తెల్లగా, మధ్యలో ఖాళీ.

షాంపూతో మళ్లీ కడిగా. తడిగా ఉన్నంతసేపు కనబడలేదు, హమ్మయ్య అనుకున్నా. ఆరగానే అన్నీ హాజరు. తర్వాత తెల్ల వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, గుడ్డ తడిపి రింగుల మీద కాసేపు పరిచా. కాల్షియం కార్బొనేట్ అంతపాటి ఆమ్లానికే కరుగుతుంది కాబట్టి చాలావరకు పోయాయి. వాటితోపాటు వ్యాక్స్ కూడా దెబ్బతింది, అక్కడక్కడా నీరు చుక్క కట్టడమే మానేసింది. అయినా టార్చి వేసి చూస్తే కొన్ని రింగులు అలాగే ఉన్నాయి. వేలికి తగలవు, కంటికి కనబడతాయి. అంటే మచ్చ పైన లేదు, క్లియర్‌కోట్‌లోకి, అంటే రంగు పైనుండే పారదర్శక పొరలోకి దిగింది. ఆ క్లియర్‌కోట్ ఉండేదే సుమారు 50 మైక్రాన్లు, అందులోంచి కొంత తీస్తే తప్ప మచ్చ పోదు. డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌కి (తిరుగుతూ అటూఇటూ ఊగే పాలిష్ మెషిన్) మెత్తటి ప్యాడ్ తగిలించి, సన్నరకం పాలిష్‌తో కొంచెం కొంచెంగా చేసుకుంటూ పోతే చాలావరకు మాయమయ్యాయి. మొండివి కొన్ని వదిలేశా. పెయింట్‌ని కాపాడాలని రాసిన వ్యాక్స్ పుణ్యాన పెయింట్‌నే అరగదీయాల్సి వచ్చింది, అదీ నా కడుపుమంట. డబ్బా మూత నిండా చుక్కల ఫోటో వేశారు. ఎలాంటి నీళ్లతో కడగాలో వెనకవైపు సన్న అక్షరాల్లో కూడా లేదు.

పైన నిగనిగ గురించి చెప్పింది వెనక్కి తీసుకోను గానీ, అందులో పెద్ద వాటా పాలిష్‌దేనని కూడా అప్పుడే తెలిసింది. ఇంకా వ్యాక్స్ వేయకముందే బోనెట్ మిగతా కారు కన్నా బాగుంది.

ఇప్పుడు చివర్లో పైపుకున్న నాజిల్ తీసేసి, నీళ్లు మెల్లగా ధారగా వదులుతున్నా. స్ప్రే చేస్తే బొట్లు మిగులుతాయి, ధారగా పోస్తే నీరు ఒకదాన్నొకటి లాక్కుంటూ చాలావరకు కలిసే దిగిపోతుంది. టాప్‌కీ బోనెట్‌కీ ఆఖర్న ఆర్‌ఓ నీళ్లు ఒక క్యాను పోస్తా. మంచినీళ్లే సుమా! ఆర్‌ఓ బయటికి వదిలే వేస్ట్ నీళ్లు వృథా కాకుండా కారుకి వాడమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వాటిలో లవణాలు మామూలు నీళ్లకంటే ఎక్కువే ఉంటాయి, కడగడం మొదట్లో టైర్లకు వాడుకోవచ్చేమో గానీ చివర్లో అసలు వద్దు.

మన్నిక ఫరవాలేదు. డోర్ల మీద బాగానే నిలుస్తుంది, బోనెట్ మీద త్వరగా పోతుంది. అసలు కార్నాబా 82-86 డిగ్రీల దాకా కరగదు, కానీ అది గట్టి మైనం, అలాగే చేత్తో పట్టించలేం. అందుకే సాల్వెంట్లు, నూనెలు, మెత్తటి మైనాలు కలుపుతారు. కాబట్టి ఆ అంకె చూసి డబ్బా సరుకుని అంచనా వేయలేం.

కొనాలా అంటే, నా కారు ముదురు రంగు, నీళ్లు ఉప్పు, పొద్దున్నే ఎండ పడే పార్కింగ్. వీటిలో ఒక్కటి మారినా నా ఫిర్యాదు సగానికి తగ్గేదేమో. తెల్ల కారైతే రింగులు అంతగా కనబడవు, ఆ నిగనిగా అంతగా తెలియదు. వ్యాక్స్ బదులు వాడే కృత్రిమ పూత, సింథటిక్ సీలెంట్, ఎక్కువ కాలం ఉంటుంది గానీ చుక్కలు అదీ కడుతుంది, ఉప్పునీళ్ల వాళ్లకు అది తప్పించుకునే దారి కాదు. నేనైతే ప్రస్తుతానికి డోర్లకూ డిక్కీకీ వాడుతున్నా, బోనెట్‌కి తీరిక దొరికిన రోజే. కొంటే చిన్న డబ్బానే కొనండి. పెద్దది అయిపోయేలోపే సాల్వెంట్ ఆరిపోయి, వ్యాక్స్ అంచులు వదిలేసి పగుళ్లిస్తోంది.