“కొత్త రూల్స్‌కి మార్చేశాం” అని అమ్మే పాత డిఫెండర్లతో జాగ్రత్త

పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ జీపుని ఇప్పటి నిబంధనలకు సరిపోయేలా తిరగకట్టి ఇస్తామంటే నమ్మి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ఒక్క రోజు ఆగి ఇది చదవండి. నేను ఆగకుండా కట్టేశాను. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి వర్క్‌షాప్ పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

నేను కొన్నది డిఫెండర్ 90 అనే పొట్టి మోడల్, మొదట్లో 300 టీడీఐ అనే పాత డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన బండి. ఆ చదును తలుపులు, పైకి కనిపించే రివెట్లు అంటే నాకు ఎప్పటినుంచో ప్రాణం. కొత్త కాలుష్య ప్రమాణాల డీజిల్ ఇంజిన్ వేశాం, డ్రైవర్‌కి ఎయిర్‌బ్యాగ్ పెట్టాం, వెనక నలుగురికీ సీటు బెల్టులు బిగించాం అన్నారు. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. సీట్ల కుట్టు చూస్తే చెయ్యి తీయబుద్ధి కాలేదు. బండి కింద దూరి చూడాలని ఆ రోజు నాకు తట్టనే లేదు.

మొదట అనుమానం వచ్చింది ఇంజిన్ హెచ్చరిక లైటు దగ్గర. తాళం తిప్పితే వెలగాలి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. నా బండిలోనూ అలాగే ఆరేది. అయితే అది ఆయిల్ లైటుతో పాటు సరిగ్గా అదే క్షణంలో ఆరుతోందని తెలిసిన మెకానిక్ ఒకాయన పసిగట్టారు. మీటర్ డయల్ విప్పి చూస్తే దాని వైరు తెచ్చి ఆయిల్ లైటు వైరుకే కలిపేశారు. ఆయిల్ ఒత్తిడి తప్ప ఇంజిన్‌లో ఇంకేం పాడైనా ఆ లైటు నాకు ఎప్పటికీ చెప్పదన్నమాట. స్కానర్ పెడితే లోపాల వరుస బయటపడింది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ని కోసి, లోపలిది గీకేసి, మళ్లీ వెల్డింగ్ చేసి పెట్టారు. బయటినుంచి డబ్బా డబ్బాలాగే ఉంది, లోపల ఖాళీ.

ఆ ఫిల్టర్‌ని ఎందుకు పీకేస్తారో కూడా తెలుసుకోండి. అందులో చేరిన మసి కాలిపోవాలంటే పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. దానికి ఉష్ణోగ్రత, పీడనం చూసే సెన్సార్లు, వాటిని చదివే కంప్యూటర్, చుట్టూ వేడిని ఆపే కవచం, ఇవన్నీ ఒకదానికొకటి కుదరాలి. 300 టీడీఐ పంపు మెకానికల్, కంప్యూటర్‌తో పని లేని ఇంజిన్. అలాంటి బండిలో ఇదంతా కొత్తగా అల్లాలంటే నెలల పని. పీకి పారేయడానికి ఒక పూట చాలు. తయారీ కంపెనీకే ఇది తేలిక కాలేదు. 2007లో 2.4 లీటర్ ఇంజిన్ వేసినప్పుడు అది పట్టడానికి బానెట్ మధ్య ఎత్తు పెంచాల్సి వచ్చింది. మసి ఫిల్టర్ వచ్చింది 2012లో, 2.2 లీటర్ ఇంజిన్‌తో.

తర్వాత స్టీరింగ్ విప్పాం. పైన ఎయిర్‌బ్యాగ్ అని అక్షరాలున్నాయి. మూత తీస్తే లోపల బ్యాగ్ లేదు, హారన్ స్ప్రింగులున్నాయి. ఆ మూత పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటికే పిల్లల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్లు తిరిగొచ్చాం. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి: 1948లో మొదలైన ఆ వంశంలో చివరి బండి 2016 జనవరి 29న ఇంగ్లండ్‌లోని సోలిహల్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే దాకా, ఏ పాత డిఫెండర్‌కీ కంపెనీ ఎయిర్‌బ్యాగ్ పెట్టలేదు. ఎవరైనా ఉందంటే, ఎవరు డిజైన్ చేశారు, ఏ క్రాష్ టెస్ట్‌లో నిరూపించారు అని అడగండి. దెబ్బ తగిలిన కొన్ని మిల్లీసెకండ్లలోనే అది విచ్చుకోవాలి. ఆ లెక్క ఆ బండి ఫ్రేమ్ ఎలా నలుగుతుందన్న దాన్ని బట్టే ఉంటుంది. వేరే బండి స్టీరింగ్ తెచ్చి బిగిస్తే ఆ లెక్క రాదు.

బెల్టుల సంగతి ఇంకా ఘోరం. వెనక పక్కవాటు సీట్ల బెల్టుల్ని పలచటి అల్యూమినియం రేకుకే బోల్టు వేసి బిగించారు. వెనక గట్టి ప్లేటు కూడా లేదు. చేత్తో గట్టిగా లాగితే రేకు వంగింది. పక్కకు తిరిగి కూర్చునే ఆ సీట్లను యూరప్ నిబంధనల వల్ల కంపెనీయే 2007లో తీసేసి, ముందుకు చూసే రెండు సీట్లు పెట్టింది. నిబంధనలకు మార్చామన్న బండిలో వాటినే మళ్లీ చూసి నేను అప్పుడే ప్రశ్నించాల్సింది.

నిజంగా మార్చడమంటే ఎంత పనో మెర్సిడెస్ జీ క్లాస్ చూస్తే తెలుస్తుంది. 1979 నాటి ఆకారాన్ని 2018లో అలాగే నిలబెట్టారు. లోపల మాత్రం తలుపు పిడి లాంటి వేళ్లమీద లెక్కపెట్టే భాగాలే పాతవి. ముందు చక్రాలు రెంటినీ కలిపే గట్టి యాక్సిల్ పోయి ఒక్కో చక్రానికి విడి సస్పెన్షన్ వచ్చింది, వెడల్పు 121 మిల్లీమీటర్లు పెరిగింది. టయోటా ల్యాండ్ క్రూజర్ 70కి 2016లో ఫ్రేమ్ గట్టిపరిచి, ఎయిర్‌బ్యాగులు పెంచితే, ఆస్ట్రేలియా టెస్టుల్లో ఐదు నక్షత్రాలు వచ్చాయి. అదీ ఒకే వరుస సీట్లుండే సింగిల్ క్యాబ్ పికప్‌కి మాత్రమే. అదే బండి వేరే బాడీకి ఆ రేటింగ్ చెల్లలేదు. ఇక మూడు నెలల్లో ఏ షెడ్డులోనో చేసిన పనికి ఏం చెల్లుతుందో మీరే ఆలోచించండి.

నేను నిలదీస్తే వాళ్లు బిల్లు చూపించారు. అందులో రాసింది పెయింటు, సీట్ల పని, ఇంజిన్ మార్పిడి, అంతే. నిబంధన అన్న మాట ప్రకటనలో ఉంది, నోటిమాటలో ఉంది, సంతకం ఉన్న కాగితంలో లేదు. మీరు కొనేటప్పుడు ఏ ప్రమాణం, ఏ సంవత్సరానిది, ఏ పరీక్షా కేంద్రం ఒప్పుకుందో బిల్లులోనే రాయించుకోండి. ఇంజిన్ నంబరు మారిందని రిజిస్ట్రేషన్ కాగితంలో ఎక్కిందో లేదో చూడండి. మీ మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి. స్కానర్ పెట్టనివ్వం అంటే అక్కడినుంచే వెనక్కి తిరగండి.

నేనిప్పుడు వెనక సీట్లు పీకించేశాను. ఉత్తుత్తి స్టీరింగ్ తీసి పాతదే పెట్టించాను. ఫిల్టర్ సంగతి తేలే దాకా బండి బయటికి తీయడం లేదు. ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు మిగతా డబ్బు ఇచ్చే ముందు కొత్త ఇంజిన్ వైరింగ్ బొమ్మ అడగండి. నిజంగా పని చేసినవాళ్ల దగ్గర అది ఉండి తీరుతుంది. నేను అడిగితే ఈ రోజు వరకు ఇవ్వలేదు.