చెక్‌లిస్ట్ యాప్ ఏది తీసుకోవాలె? మా కేటరింగ్ టీమ్ వాడి చూసినంక రాస్తున్న రివ్యూ

మాది హన్మకొండల కేటరింగ్. హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్ల నుంచి నర్సంపేట, పరకాల, ములుగు దాకా పోతం, పెళ్లి, వొడిబియ్యం, గృహప్రవేశం, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి. వంట ఒక ఎత్తయితే సామాను ఎక్కిచ్చుడు, దించుడు, మళ్ల లెక్కపెట్టి ఇంటికి తెచ్చుడు ఇంకో ఎత్తు. దానికోసమని నేను, మా బావ కూసొని చెక్‌లిస్ట్ యాప్‌లు చానా వాడి చూసినం. నెట్ల ఈ యాప్‌ల మీద రాసినయి చదివితే అన్నీ ఆఫీసుల ల్యాప్‌టాప్ ముందు కూసునేటోళ్ల కోసమే ఉన్నయి, పొద్దుగాల నాలుగింటికి ట్రాలీ ఆటో దగ్గర నిలబడి టిక్ పెట్టేటోళ్ల సంగతి ఎవరూ రాయలే. మాలాంటోళ్లకు పనికొస్తదని కొంచెం పొడుగే రాస్తున్న.

ముందు ఒకటి తేల్చుకోండ్రి. కరెంటు బిల్లు కట్టాలె, టెంట్‌హౌజాయనకు ఫోన్ చేయాలె, ఇసొంటియి ఒకసారి చేస్తే అయిపోతయి, టిక్ కొట్టంగనే లిస్టుల నుంచి పోతే మంచిదే. లోడింగ్ లిస్టు అట్ల కాదు కదా. అదే లిస్టు రేపు మళ్ల కావాలె, ఎల్లుండి ఇంకో ఊర్ల కావాలె, ప్రతిసారి టిక్కులు లేని ఖాళీ గడులతోని మొదలు కావాలె, నిన్నటిది చెరిగిపోకుండ పక్కకు ఉండాలె ఎందుకంటే డేగిస ఒకటి తక్కువైందని వారం తర్వాత తెలిస్తే ఆ రోజు పోయిందా లేదా అని చూసుకునేది దాంట్లనే. మార్కెట్ల పేరున్న యాప్‌లల్ల ఎక్కువ శాతం మొదటి రకం పనికి తయారు చేసినయి. అందుకే ఏ యాప్ చూసినా నేను చేసే పరీక్ష ఒకటే: పది ఐటమ్‌లతోని లిస్టు చేసి, అన్నిటికీ టిక్ పెట్టి, పాతది అట్లనే ఉంచి కొత్తది ఖాళీగా మళ్ల తీసుడు ఎంత సులువు. ఇక్కడ తిప్పలు పెట్టే యాప్‌కు మిగతా ఫీచర్లు ఎన్నున్నా టీమ్ పనికి రాదు.

ఒక్కరి కోసమైతే ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. గూగుల్ టాస్క్స్ చాలు, జీమెయిల్ల ఉంటది, క్యాలెండర్‌ల కనబడతది, రిపీట్ పెట్టుకోవచ్చు. కాకపోతే ఆ లిస్టును ఇంకొకరితోని షేర్ చేసుకోరాదు, ఇంట్ల ఇద్దరు కలిసి వాడుకుందామంటే కుదరదు. టుడుయిస్ట్ కూడా బాగుంటది, పని పేరు పక్కన ఎవ్రీ మండే అని కొడితే తారీఖు అదే పట్టుకుంటది, తెలుగుల రాస్తే మాత్రం పట్టుకోదు, పని పేరు తెలుగుల రాసి తారీఖు ఇంగ్లిష్‌ల కొట్టాలె. ఫ్రీ ప్లాన్‌ల 5 ప్రాజెక్టులే ఇస్తడు. దీంట్ల నాకు బాగా నచ్చింది ఏందంటే రిపీట్ పెట్టిన పని కింద చిన్న చిన్న పనులు పెట్టుకుంటే, పెద్దది పూర్తి చేయంగనే కిందియన్నీ మళ్ల ఖాళీ అయితయి. నెలనెలా జీఎస్టీ కట్టేటోళ్లకు ఇది చక్కగ సరిపోతది, 11కు అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్ 1, 20కి పన్ను కట్టే రిటర్ను 3బీ, దాని కింద కొన్న బిల్లులు, అమ్మిన బిల్లులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అని పెట్టుకుంటే ప్రతి నెల కొత్తగ రాసుకునే పని లేదు.

టీమ్‌కు వచ్చేసరికి అందరు మొదట చెప్పేది గూగుల్ కీప్, నోట్స్ రాసుకునే యాప్. నిజంగ మంచిదే. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నోళ్లందరికీ జీమెయిల్ ఉంటది కాబట్టి కొత్తగ అకౌంట్ చేసుడు లేదు, తెలుగుల రాసుకోవచ్చు, నెట్ లేకున్నా టిక్ పడతది, సిగ్నల్ వచ్చినంక అందరికీ పోతది. మెనూల అన్ని టిక్కులు ఒకటేసారి తీసేసేది ఉంది, నోట్‌ను కాపీ చేసేది కూడా ఉంది, పాతది ఉండాలంటే కాపీ చేసుకోవాలె. దీంట్ల లేనిది ఏందంటే టిక్ ఎవరు పెట్టిన్రో చూపియ్యదు. ఇంటి సరుకుల లిస్టుకు ఆ అవసరం లేదు, ఐదారుగురు పనిచేసే కాడ ఉంటది. సిలిండర్ ఎక్కినట్టు టిక్ ఉంది, ఆటోల సిలిండర్ లేదు, అడిగితే ఎవరికి వాళ్లు నేను కాదంటే నేను కాదంటరు, ఇగ ఆ పంచాయితీ తెగేది కాదు.

మైక్రోసాఫ్ట్ టుడూ కూడా ఫ్రీ, లిస్టును లింక్ పంపి షేర్ చేయొచ్చు, ఒక పని కింద స్టెప్స్ పెట్టుకోవచ్చు, ఫలానా పని ఫలానా మనిషిది అని అసైన్ చేయొచ్చు. కాకపోతే అందరికీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలె, మా హెల్పర్లకు ఆ అకౌంట్లు చేయించి, పాస్‌వర్డ్‌లు యాది పెట్టిచ్చుడు మాతోని కాలే. ఈ యాప్ వెనుక కథ ఒకటి తెలుసుకుంటే మంచిది. వండర్‌లిస్ట్ అని జర్మనీల తయారైన యాప్ ఉండె, చానా మందికి ఇష్టం దాని మీద, మైక్రోసాఫ్ట్ 2015ల కొన్నది, తర్వాత టుడూ తెచ్చి 2020 మే 6న వండర్‌లిస్ట్‌ను బంద్ చేసిన్రు. వాడేటోళ్లకు లిస్టులు టుడూలకు మార్చుకునే దారి ఇచ్చిన్రు అనుకోండ్రి, అయినా ఏ యాప్‌కైనా ఇది జరగొచ్చు. అందుకే మన లిస్టులను బయటికి ఎట్ల తీసుకోవాలెనో డబ్బులు కట్టకముందే చూసుకోండ్రి. కీప్‌ల రాసినయి గూగుల్ టేకౌట్ (మన డేటాను డౌన్‌లోడ్ చేసుకునే సౌలత్) నుంచి వస్తయి, టుడుయిస్ట్ ఎక్సెల్‌ల తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ ఇస్తది, ట్రెల్లో అని ఇంకో యాప్ ఉంది, దాని సంగతి కింద చెప్త, అది ఫ్రీ ప్లాన్‌ల జేసన్ ఫైల్ ఇస్తది గని అది మామూలు మనిషి తెరిచి చదివేటట్టు ఉండదు.

ఇప్పుడు మేము రోజూ వాడేది చెప్త. గూగుల్ షీట్స్, ఎక్సెల్ లాంటిది. ఇది చెక్‌లిస్ట్ సాఫ్ట్‌వేర్ కాదు కదా అంటరేమో, 2018 నుంచి దీంట్ల చెక్‌బాక్స్ పెట్టుకునే సౌలత్ ఉంది, మాకు మాత్రం దీన్ని మించింది దొరకలే. ఎందుకంటే మా పని టిక్‌తోని అయిపోదు, లెక్క ఉంటది. గంటెలు పోయినయి అంటే సరిపోదు, ఎన్ని పోయినయి, ఎన్ని వచ్చినయి అన్నది కావాలె. చెక్‌లిస్ట్ యాప్‌లల్ల గంటె అని ఒక లైను రాసి టిక్ పెట్టుడే, పన్నెండు పోయి తొమ్మిది వస్తే దాన్ని ఎక్కడ రాయాలె? షీట్‌ల వస్తువు పేరు, పోయినయి, ఎక్కిన టిక్, వచ్చినయి, తేడా, ఇట్ల ఐదు కాలమ్‌లు. తేడా కాలమ్‌ల తీసివేత ఫార్ములా, సున్నా కాకపోతే గడి ఎర్రగయ్యేటట్టు పెట్టినం. హాల్ గేటు దాటకముందే ఎరుపు కనబడితే హెల్పర్ పిలగాడు ఉరికి పోయి చేతులు కడిగే కాడనో, తాంబూలాల టేబుల్ కిందనో వెతికి తెస్తడు, ఎక్కువసార్లు దొరుకుతది కూడ. ఒక్కో ఫంక్షన్‌కు టిక్కులు లేని మూలం ట్యాబ్‌ను డూప్లికేట్ కొట్టి తారీఖు, ఊరు పేరు పెడతం, పాతయన్నీ అదే ఫైల్ల ఉంటయి. ఏ గడిని ఎవరు మార్చిన్రు, ఎప్పుడు మార్చిన్రు అన్నది కంప్యూటర్ల ఎడిట్ హిస్టరీ చూస్తే తెలుస్తది, ఎవరి అకౌంట్‌తోని వాళ్లు వస్తేనే సుమా. చిన్న ఫోన్‌ల గడులు చిన్నగ కనబడతయి, ఆ ఇబ్బంది ఉంది, ట్యాబ్లెట్ ఒకటి ఉంటే నయం.

ట్రెల్లో గురించి కూడా చెప్పాలె, ఎందుకంటే నాకు దాని మీద మంచి అభిప్రాయమే ఉంది. ఒక్కో ఫంక్షన్ ఒక్కో కార్డు, మాట్లాడుకున్నయి, అడ్వాన్స్ వచ్చినయి, వంట నడుస్తున్నయి, పైసలు రావాల్సినయి అని వరుసగ కాలమ్‌లు, కార్డును పట్టి జరుపుకుంట పోవుడే. కార్డు లోపల చెక్‌లిస్ట్, టెంప్లేట్ కార్డు ఒకటి చేసి పెట్టుకుంటే కాపీ కొట్టుకోవచ్చు. సీజన్‌ల ఒకే రోజు రెండు మూడు పెళ్లిళ్లు పట్టేటోళ్లకు ఏది ఎక్కడిదాకా వచ్చిందో ఒక్క చూపుల తెలుస్తది. కానీ ఫ్రీ ప్లాన్‌ల 10 మందే, పైగా చెక్‌లిస్ట్‌ల ఒక్కో ఐటమ్‌ను ఒక్కో మనిషికి అప్పజెప్పి తారీఖు పెట్టాలంటే డబ్బులు కట్టాలె. మా బావ బుకింగుల కోసం దీన్నే వాడతడు, లోడింగ్ షీట్స్‌ల, రెండూ కలిపే పని పెట్టుకోలే.

హోటల్, బేకరీ, హాస్టల్ మెస్ నడిపేటోళ్లు సేఫ్టీకల్చర్ చూడుండ్రి, ఇదివరకు ఐఆడిటర్ అనేటోళ్లు. ప్రశ్నకు జవాబు, దాని పక్కన ఫోటో, కింద సంతకం, చివరికి పీడీఎఫ్ రిపోర్టు. ఫ్రిజ్ టెంపరేచర్ రాసుకునేటోళ్లకు, కిచెన్ శుభ్రం ఫోటోతోని చూపియ్యాల్సినోళ్లకు దీనికి సాటి లేదు, చిన్న టీమ్‌కు ఫ్రీ ప్లాన్ కూడా ఉంది. ఆఫీసు పనులన్నీ ఒక్క దాంట్లనే నడుపుకునే నోషన్, క్లిక్అప్ లాంటియి మంచియే కావొచ్చు గని మాలాంటోళ్లకు అంత పెద్దయి అక్కర్లేదు.

ఏ యాప్ తీసుకున్నా లిస్టు సరిగ్గ లేకుంటే లాభం లేదు కాబట్టి అది కూడా రాస్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008ల ఆపరేషన్ థియేటర్ల కోసం ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. 19 ఐటమ్‌లు, అంతే. 8 దేశాలల్ల 8 ఆసుపత్రులల్ల పెట్టి చూసిన్రు, దాంట్ల న్యూఢిల్లీది కూడా ఒకటి, ఆపరేషన్ తర్వాత చనిపోయేటోళ్లు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గిన్రని 2009ల లెక్కలు వచ్చినయి. నాకు దాంట్ల పనికొచ్చిన సంగతి ఆ 19ని మూడు ముక్కలు చేసిన తీరు: మత్తు ఇచ్చేముందు కొన్ని, కోత పెట్టేముందు కొన్ని, పేషెంటును థియేటర్ నుంచి బయటికి తీసుకపోయేముందు కొన్ని. మూడు చోట్ల అందరు ఆగి, ఒకరు గట్టిగ చదువుతరు, మిగతా వాళ్లు జవాబు చెప్తరు. మేము కూడా అట్లనే విడగొట్టినం, ఆటో కదిలేముందు, పొయ్యి ముట్టిచ్చేముందు, హాల్ ఖాళీ చేసేముందు. ఒకే పొడుగు లిస్టు ఉన్నప్పుడు సగం నుంచి ఎవరూ చదవకపోయేది, గుడ్డిగ టిక్కులు కొట్టేటోళ్లు, ఇప్పుడు ముక్క చిన్నది కాబట్టి చదువుతున్నరు.

ఇంకోటి, అందరికీ యాప్ అవసరం లేదు. మా వంట మేస్త్రికి డెబ్బై ఏండ్లకు దగ్గర, ఫోన్‌ల ఫోటోలు చూసుడు తప్ప ఇంకేం చేయడు, కానీ వెయ్యి మందికి బగార అన్నం కొలత నోటితోనే చెప్తడు. ఆయనతోని టిక్ పెట్టించుడెందుకు? సూపర్‌వైజర్ చేతుల ఒక్క ఫోన్ ఉంటది, "పెద్దనాయనా, రెగ్యులేటర్లు ఎన్ని?" అంటడు, "నాలుగు బిడ్డా" అని ఆయన చేత్తోని పట్టి చూసి చెప్తడు, టిక్ పడతది. ఐటమ్ రాసుడు కూడా అట్లనే రాయాలె. గ్యాస్ చూసుకోవాలె అని రాస్తే ఎవరైనా టిక్ పెట్టేస్తరు. సిలిండర్ 19 కిలోలది 4, రెగ్యులేటర్ 4, పైపు 4, లైటర్ 2 అని విడివిడి లైన్లు రాస్తే చూడక తప్పదు.

సిగ్నల్ సంగతి మరువొద్దు. ములుగు దాటి తాడ్వాయి దిక్కు పోతే కొన్ని చోట్ల నెట్ ఉండదు, మేడారం జాతర రోజులల్ల అయితే అంత జనంల దాన్ని నమ్ముకొని పని చేయలేం. షీట్స్‌ల ఆ ఫైల్‌ను ముందే ఇంట్ల నెట్ ఉన్నప్పుడు ఆఫ్‌లైన్‌ల పెట్టుకోవాలె, అక్కడికి పోయినంక ఏం చేయలేం. ఇంకో యాప్, పేరు రాయను, ఆఫ్‌లైన్‌ల నడుస్తదని చెప్పి టిక్కులు తీసుకున్నది, ఇంటికొచ్చి నెట్ తగలంగనే పాత లిస్టు పైకి వచ్చి మేము పెట్టినయి లేకుండ పోయినయి, సామాను మొత్తం మళ్ల దించి లెక్కపెట్టుకున్నం. కొనేముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌ల పెట్టి రెండు ఫోన్ల మీద టిక్కులు కొట్టి, నెట్ ఆన్ చేసి చూడుండ్రి, పది నిమిషాల పని.

ఇగ పైసలు. ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కువ శాతం మనిషికి నెలకు ఇంత అని తీసుకుంటయి, రేటు డాలర్లల్ల ఉంటది, పైన జీఎస్టీ 18 శాతం. ఆఫీసుల జీతం మీద ఉన్న పదిమందికి అది సరే, మా దగ్గర ఈ పెళ్లికి వచ్చిన కుర్రోడు వచ్చే పెళ్లికి వస్తడో రాడో, అసొంటప్పుడు ఒక్కో మనిషికి కట్టుడు దండుగ. పైసలు కట్టాల్సిందే అయితే సూపర్‌వైజర్‌కు, యజమానికి రెండు అకౌంట్లు తీసుకోండ్రి. ఏడాది ప్లాన్ తీసుకుంటే తక్కువ పడతదని చూపిస్తరు, మన పనికి అది అన్నిసార్లు నిజం కాదు. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతయి, ఆషాఢంల ఆగుతయి, ఆ నెలలల్ల యాప్ తెరిచేటోడు కూడా ఉండడు. పంచాంగం ముందల పెట్టుకొని ముహూర్తాలున్న నెలలు లెక్కపెట్టుండ్రి, ఆ నెలలకే నెలవారీ కడితే ఎంతయితదో, ఏడాదికి ఎంతయితదో పక్కపక్కన రాసుకొని అప్పుడు తీసుకోండ్రి.