గుట్ట మీద మేత బీడు: ఎర్ర గరపా, నల్ల రేగడా, ఏది మేలు?

నల్ల నేల అంటే సత్తువ, ఎర్ర గరప (రాళ్లు కలిసిన ఇసుకపాటి మట్టి) అంటే బీద అనేది మన ఊళ్లలో పాతుకుపోయిన మాట. నాలుగడుగుల లోతున్న చేనికి అది నిజమే. అడుగు దిగేలోపే గడ్డపార రాతికి ఠంగుమనే గుట్టబీడులో మాత్రం రంగు చూసి మందను దింపితే ఆరుద్ర కార్తెలోనే మేతకు కటకట మొదలవుతుంది.

మూడు రకాల గుట్టలను పక్కపక్కన పెట్టి చూద్దాం. కదిరి, పెనుకొండ, కళ్యాణదుర్గం వైపు గ్రానైటు గుట్టల మీది ఎర్ర గరప ఒకటి. తాడిపత్రి, బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి మీద పలుచగా పరుచుకున్న నల్ల జిగట రెండోది. జహీరాబాద్, వికారాబాద్ వైపు బసాల్టు అనే నల్లరాయి చివికి ఏర్పడిన మొరం మీది నల్ల నేల మూడోది. మూడింటికీ మట్టి లోతు 30 సెంటీమీటర్లే అనుకుందాం.

నీళ్లు పట్టే శక్తి చూస్తే నల్ల నేలదే పైచేయి. 30 సెంటీమీటర్ల జిగటమట్టి గడ్డి వేరుకు అందేలా సుమారు 50 మిల్లీమీటర్ల వాన నీటిని దాచుకోగలదు. అదే లోతు గరపలో నూటికి నలభై పాళ్లు రాళ్లే ఉంటే, మిగిలిన ఇసుకపాటి మట్టి దాచేది 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కాగితం మీద రెండున్నర రెట్లు తేడా. అయితే ఆ 50 నిండాలంటే ముందు అంత వాన రావాలి. అసలు మెలిక ఇక్కడే ఉంది.

ఎండిన జిగటమట్టి మీద 10 మిల్లీమీటర్ల జల్లు పడితే తడి మూడు సెంటీమీటర్లకు మించి దిగదు. రేణువులు అంత సన్నవి కాబట్టి నీళ్లన్నీ పై పొరే పట్టుకుంటుంది. అందులోనూ చాలా భాగాన్ని వేరు లాగలేనంత గట్టిగా పట్టుకుంటుంది. రెండు రోజుల ఎండకు పై పొర ఆరిపోతే ఆ వాన లెక్కలోకి రానట్టే. అదే జల్లు గరపలో పది సెంటీమీటర్ల దాకా దిగుతుంది. పైనున్న గులకరాళ్లు ఎండను అడ్డుకుంటాయి కాబట్టి ఆ పదును ఇంకో వారం నిలుస్తుంది. అనంతపురంలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. జూన్, జులైలో పడేవి ఎక్కువగా జల్లులే. నేల నిండే వానలు ఉత్తర, హస్త, చిత్త కార్తెల్లో వస్తాయి. అందుకే మృగశిర జల్లులకు మొదట పచ్చబడేది ఎర్ర గుట్ట. సంక్రాంతి దాకా పచ్చదనం కొంత నిలుపుకునేది, హస్తలో గట్టి వాన పడితే, నల్ల గుట్ట.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. గడ్డి పోయి బోడిగా మిగిలిన ఎర్ర నేల చినుకు దెబ్బకు పైన పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టాక వాన లోపలికి దిగదు, వాలు వెంట జారిపోతుంది. నల్ల నేలకు వేసవి పగుళ్లే తలుపులు: తొలి పెద్దవాన వాటిలోంచి నేరుగా అడుక్కు పోతుంది. మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకున్నాక గంటకు నాలుగైదు మిల్లీమీటర్లు ఇంకితే గొప్ప. కాబట్టి బోడి ఎర్ర గుట్టకూ గడ్డి కప్పిన నల్ల గుట్టకూ పోలిక పెట్టి నేలను తప్పు పట్టకూడదు.

రంగు కంటే కింది రాయి ముఖ్యం. నాపరాయి పలకలు బల్లపరుపుగా, అతుకు లేకుండా ఉంటే వేరు అక్కడ ఆగిపోతుంది. వాన ఎక్కువైతే నీళ్లు పలక మీద నిలిచి వేళ్లు ఊపిరాడక పసుపెక్కుతాయి, వాన ఆగిన పదిహేను రోజులకే అదే మట్టి ఇటుకలా గట్టిపడుతుంది. పలకలు వాలుగా ఉండి సందులుంటే కథ వేరు, ఆ సందుల్లో గార, రేగు చెట్లు బాగానే నిలదొక్కుకుంటాయి. బసాల్టు మొరం మెత్తనిది. గడ్డపార అంచుకే పొడిపొడిగా రాలుతుంది, వేరు ఇంకో రెండడుగులు దిగుతుంది. ఎర్ర మట్టి కింద చివికిన గ్రానైటు గరప కూడా చాలా చోట్ల అలాంటిదే. 20 సెంటీమీటర్ల ఎర్ర మట్టి కింద మెత్తటి గరప ఉన్న బీడును, 30 సెంటీమీటర్ల రేగడి కింద అతుకులేని నాపరాయి ఉన్న బీడు కంటే మేలైనదిగా లెక్కగట్టాలి. మూడింటిలో ఒకటి ఎంచుకోమంటే బసాల్టు మొరం మీది నల్ల నేలకే ఓటు.

కొనేముందు, కౌలుకు తీసుకునేముందు మూడు పరీక్షలు చాలు. వాలు పైన, నడుమ, కింద ఒక్కో గుంత రాయి తగిలేదాకా తవ్వి లోతు కొలవండి. గుట్ట తలమీద 15, అడుగున 50 సెంటీమీటర్లు ఉండటం మామూలే, ఒక్క గుంత చూసి నిర్ణయించొద్దు. తర్వాత పిడికెడు మట్టిలో గులక ఏరేసి, నీళ్లతో చపాతీ ముద్దలా పిసికి, బొటనవేలితో చూపుడువేలి మీదుగా రిబ్బనులా ఒత్తండి. 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే అది జిగటమట్టి. రెండు సెంటీమీటర్ల దగ్గరే తెగితే ఇసుకపాలు ఎక్కువ. అదే ముద్ద మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగిందంటే సున్నం ఉన్నట్టు. నాపరాయి నేలలు దాదాపు అన్నీ పొంగుతాయి. అలాంటి చోట భాస్వరం మట్టిలోనే బిగుసుకుపోతుంది, జింకు, ఇనుము అందక లేత ఆకులు తెల్లబారతాయి.

మూడోది ఇంకుడు పరీక్ష. 15 సెంటీమీటర్ల వెడల్పున్న పైపు ముక్కను సగం దాకా నేలలో దిగ్గొట్టి, 440 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. అది 25 మిల్లీమీటర్ల వానకు సమానం. మొదటిసారి పోసింది నేల తడవడానికి. రెండోసారి పోసిన నీళ్లకే టైము చూడండి. ఎర్ర గరపలో గంటకు అటూ ఇటూగా ఇంకాలి. మూడు గంటలు పట్టిందంటే పెచ్చో, కింద బంకపొరో ఉందన్నమాట. రేగడిలో ఐదారు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు.

గడ్డి విషయంలో ఒకదాని విత్తనం ఇంకోదాని మీద చల్లడమే ఎక్కువగా జరిగే పొరపాటు. దక్కను బీళ్లలో కంకర గుట్టల మీద సెహిమా, బరువైన జిగట నేలల్లో డైకాంథియం అనే గడ్డి రకాలు సహజంగా వచ్చేవి. గరపకు అంజన్ గడ్డి ఎకరాకు రెండున్నర, మూడు కిలోలు, వెదజల్లితే స్టైలో హమాటా అనే పప్పుజాతి మేత మొక్క విత్తనం నాలుగు కిలోలు. స్టైలో గింజ తొక్క గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి, రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెడితేనే మొలక సమంగా వస్తుంది. ఇదే హమాటాను జిగటమట్టిలో చల్లితే నీళ్లు నిలిచే చోట్ల మొక్క చస్తుంది. అక్కడ దశరథ గడ్డి, డైకాంథియం, తేమ నిలిచే దిగువన చెంగలి గడ్డి నయం. ఏ విత్తనమైనా సెంటీమీటరు లోతు మించకూడదు. నూగు ఉన్న తేలిక గింజల్ని తడి ఇసుకతో కలిపి చల్లాలి, లేదంటే గాలికి పక్క బీడుకు పోతాయి.

కందకాల దగ్గర రెండు నేలలకూ అసలు పొత్తు కుదరదు. గరపలో సమతలరేఖ (వాలుకు అడ్డంగా ఒకే ఎత్తులో సాగే గీత) వెంట 4 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు కందకాలు మార్చి మార్చి తవ్వితే ఒక్కోటి 720 లీటర్లు పట్టి ఇంకిస్తుంది. జిగటమట్టిలో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి, గోడలు కూలి పూడుతుంది. మట్టికట్ట వేసవిలో పగులుతుంది, తొలి గట్టివాన ఆ పగులులోంచే దారి చేసుకుని గండి కొడుతుంది. ఇక్కడ ఏరిన రాళ్లతో మోకాలెత్తు కట్ట వేసి, నీళ్లు నిదానంగా దాటిపోనివ్వడమే మంచిది. చెట్టుకు గుంత తీసేటప్పుడు గడ్డపార అరిగించిన నున్నటి గోడను వదిలేస్తే అది కుండలా నీళ్లు పట్టి వేరును కుళ్లబెడుతుంది. గోడలను పారతో గీకి గరుకు చేయాలి.

మేపు: వాన వెలిశాక ఎర్ర గుట్టలోకి మర్నాడే మందను తోలొచ్చు. నల్ల జిగటలోకి నాలుగైదు రోజులు ఆగాలి. లేకపోతే గిట్టలు దిగబడి గడ్డి మొదళ్లు తెగుతాయి, తొక్కిన గుంటలు అలాగే ఎండి గట్టిపడతాయి, గొర్రెలకు గిట్టకుళ్లు కూడా పట్టుకుంటుంది. రెండు రకాల బీడూ దగ్గర్లో ఉన్నవాళ్లు జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా ఎర్ర గుట్టలో తిప్పి, నల్ల గుట్టను హస్త దాకా మూసి పెట్టడం లాభం. మూసిన బీడులో ఎంత మేత ఉందో తెలియాలంటే చదరపు మీటరు గడ్డిని కోసి బాగా ఎండబెట్టి తూచండి. 100 గ్రాములు తూగితే ఎకరాకు దాదాపు 400 కిలోలు. అందులో సగం నేలకే వదలాలి. 30 కిలోల గొర్రె రోజుకు 900 గ్రాముల ఎండు మేత తింటుందనుకుంటే, మిగిలిన 200 కిలోలు యాభై గొర్రెలకు నాలుగు రోజులకు సరిపోతాయి, ఐదో రోజు మంద ఇంకో చోటికి మారాల్సిందే.