ఇద్దరు దొంగ ప్రభువులు: బాల్డ్విన్, వాల్దెమార్

ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్‌ను ఏలిన కౌంట్ బాల్డ్విన్ 1204లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి అయ్యాడు. మరుసటి ఏడాదే బల్గేరియన్లకు చిక్కి, చెరలోనే పోయాడు. 1225లో అడవిలో ఉండే ఓ సన్యాసి ‘ఆ బాల్డ్విన్‌ని నేనే’ అన్నాడు. అసలు బాల్డ్విన్ కూతురు జోన్ పాలనతో విసిగిపోయిన జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లను తలచుకుంటే నాకు జాలేస్తుంది. ఫ్రాన్స్ రాజు ఎనిమిదో లూయీ పెరోన్‌కు పిలిపించి సూటిగా అడిగాడు: నీకు నైట్ అనే యోధుడి బిరుదు ఇచ్చింది ఎక్కడ? నీ పెళ్లి ఎక్కడ జరిగింది? సొంత పెళ్లి జరిగిన ఊరు ఎవరైనా మర్చిపోతారా? జవాబు రాలేదు. పారిపోయాడు, దొరికాడు, లీల్‌లో ఉరితీశారు.

జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ పాలకుడు వాల్దెమార్‌ని నేనే అన్నవాడిది వేరే దారి. అసలు మనిషి 1319లో పోయాడు. 1348లో ఓ ముసలాయన వచ్చి, సమాధిలో ఉన్నది ఇంకెవరో, తాను తీర్థయాత్రకు వెళ్లానన్నాడు. అప్పటికి బ్రాండెన్‌బర్గ్ విటెల్స్‌బాక్ వంశం చేతిలో ఉంది. వాళ్లతో వైరమున్న జర్మనీ రాజు నాలుగో చార్లెస్ ఆ రాజ్యాన్ని ఇతనికి కట్టబెట్టాడు. ఇతని అదృష్టమంతా ఆ వైరమే అంటాను. 1350లో రాజీ కుదిరింది, ఇతను దొంగని తేల్చారు. అయినా ఉరి పడలేదు. డెస్సావ్‌లో, రాచమర్యాదల మధ్యే కన్నుమూశాడు.