స్కిమ్‌బోర్డు వంపు కోసం కొన్న పి.వి.సి. ఫోమ్: రెండో బోర్డు తరువాత నా సమీక్ష

స్వీడన్‌కు చెందిన డయాబ్ సంస్థ తయారుచేసే డివినీసెల్ ఎచ్80 అనే పి.వి.సి. ఫోమ్‌ను మా అమ్మాయి స్కిమ్‌బోర్డు కోసం, అంటే ఒడ్డున పలుచని నీటి మీద జారుతూ అలలోకి దూసుకుపోయే పలక కోసం కొన్నాను. 32 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉన్న షీట్లు రెండు తీసుకున్నాను. ఒకదాని మందం 3/8 అంగుళం, రెండోదానిది పావు అంగుళం. షిప్పింగుతో కలిపి రెండింటికీ దాదాపు 170 డాలర్లు అయ్యాయి. పడవల గోడల్లోనూ గాలిమరల రెక్కల్లోనూ లోపలి పొరగా వాడే ఈ ఫోమ్‌ను, వ్యాక్యూమ్ పంపు వంటి సరంజామా ఏదీ లేకుండా, ఇంటి గ్యారేజీలో మనం కోరిన వంపుకు తేగలమా లేదా అన్నదే ఈ సమీక్షలో నా ప్రధాన ప్రశ్న. స్కిమ్‌బోర్డు అలకు ఎదురు నిలిచేదీ, ముక్కు గుచ్చుకుని మనిషిని విసిరికొట్టేదీ ఆ వంపును బట్టే కాబట్టి మిగిలిన గుణాలను దాని తరువాతే చూస్తాను.

మేము కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉంటాము. అక్కడికి దగ్గరలోని లగూనా బీచ్‌లోనే ఈ ఆట పుట్టిందని చెబుతారు. 1920లలో అక్కడి లైఫ్‌గార్డులు చెక్క పలకల మీద తడి ఇసుకపై జారేవారట. ఇప్పుడు పిల్లలు అలీసో బీచ్‌లో చేసేది అంతకంటే కష్టమైన పని. వెనక్కి మళ్ళే నీటి పొర మీద బోర్డును విసిరి, పరుగెత్తి దాని మీదికి ఎక్కి, ఎదురుగా లేస్తున్న అలలోకి దూసుకుపోయి, దాని ఒంటి మీద తిరిగి ఒడ్డుకు వస్తారు. పలుచని నీటి మీద వేగంగా జారాలంటే బోర్డు అడుగు చదునుగా ఉండాలి, అల తగిలినప్పుడు మునగకుండా ఉండాలంటే ముక్కు లేచి ఉండాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం కోసమే బోర్డు వెనుక సగాన్ని చదునుగా ఉంచి, ముందు సగాన్ని మెల్లగా పైకి వంచుతారు. భీమిలి నుంచి వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు ఉన్న మా నాన్నగారు, గ్యారేజీలో ఇంకా వంచని పలకను చూసి, "ముక్కు లేవకపోతే ఇది అలకెలా ఎక్కుతుందమ్మా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచి తెప్పలను చూసినవారు కనుక, దుంగల ముక్కులను పైకి ఎందుకు చెక్కుతారో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటి బోర్డును నేను ఇళ్ళ గోడలకు వాడే గులాబీ రంగు పాలీస్టైరిన్ ఫోమ్‌తో చేశాను. దాని ధర ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు, చేత్తో నొక్కితే వంగుతుంది, చిత్రిక పడితే వెన్నలా తెగుతుంది. వంపు నేర్చుకోవడానికి అంతకంటే మంచి సరుకు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే దాని మీద చదరపు అంగుళానికి 25 పౌండ్ల బలం అని ముద్రించి ఉంటే, ఎచ్80కు ఉన్న నొక్కుడు బలం 1.4 మెగాపాస్కల్స్, అంటే చదరపు అంగుళానికి సుమారు 200 పౌండ్లు. ఎనిమిది రెట్ల ఈ తేడా కాగితం మీద కంటే మడమ కింద బాగా తెలుస్తుంది. నెల తిరగకుండానే గులాబీ బోర్డు మీద మా అమ్మాయి వెనుక కాలు పడే చోట రెండు గుంటలు పడ్డాయి, వాటి చుట్టూ ఫైబర్‌గ్లాస్ తెల్లగా చిట్లింది. వంపు మాత్రం చివరి దాకా చెక్కుచెదరలేదు. అందుకు కారణం, వంపును పట్టి ఉంచేది ఫోమ్ కాదు, ఎపాక్సీ అనే జిగురుతో దానికి రెండు వైపులా అతుక్కున్న ఫైబర్‌గ్లాస్ గుడ్డ. బోర్డు తిరిగి చదును కావాలంటే ఒక పొర సాగాలి, మరొకటి కుదించుకుపోవాలి. గట్టిపడిన గ్లాస్ ఆ రెండూ చేయనివ్వదు. కాబట్టి గ్లాస్ పడే వరకు వంపును నిలిపి, ఆ తరువాత మడమ దెబ్బను భరించేదే మంచి ఫోమ్.

కొనేవారు ఒక విషయంలో తప్పక జాగ్రత్త పడాలి. నేను సాదా షీట్లు అడిగితే, ఆన్‌లైన్‌లో అమ్మినవారు మొదటిసారి గళ్ళు గళ్ళుగా కోసి, వెనుక పలుచని వల అంటించిన రకం పంపించారు. పెట్టె మీద "వంపులకు అనుకూలం" అని రాసి ఉండటంతో, మనకు కావలసింది ఇదే కదా అనిపించే ప్రమాదం ఉంది. ఆ రకం పడవ అడుగు వంటి లోతైన, అన్ని వైపులకూ తిరిగే వంపుల కోసం చేసినది. స్కిమ్‌బోర్డు వంపు చాలా మెల్లనిది, ఒకే దిశలో సాగేది. అలాంటి చోట ఆ గళ్ళ సందులు ఎపాక్సీని తాగి బోర్డును బరువెక్కించడం తప్ప ఇంకేమీ చేయవు. తిప్పి పంపి సరైనవి తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టింది. రెండోసారి వచ్చినవి సాదావే గానీ, ప్యాకింగులో ఒత్తిడికి పావు అంగుళం షీటు కొద్దిగా విల్లులా వంగి వచ్చింది. మనం వంచబోయే వైపుకే ఆ వంపును తిప్పి వాడుకున్నాను కాబట్టి నష్టం లేకపోయింది.

వంపు కోసం ఒక అచ్చు బల్ల చేసుకున్నాను. బోర్డు పొడవు 48 అంగుళాలు. మధ్య నుంచి ముక్కు వరకు ఉన్న 24 అంగుళాలు లేవాలి. మందపాటి ప్లైవుడ్ మీద ప్రతి ఆరు అంగుళాలకూ ఒక అడ్డ పట్టీని, వరుసగా 4, 16, 36, 64 మిల్లీమీటర్ల ఎత్తుతో బిగించాను. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అంకెల వర్గాలవి. దూరం రెట్టింపైతే ఎత్తు నాలుగు రెట్లవుతుంది కాబట్టి, వంపు ఎక్కడా ఒక్కసారిగా విరగకుండా, ఒకే తీరుగా లేస్తుంది. పట్టీల మీద పలుచని ప్లైవుడ్ పరిచి, పైన వేలు ఆనించి నెమ్మదిగా లాగి చూశాను. 36 దగ్గర చిన్న గూను తగిలింది; కంటికి కనబడనిది వేలికి తెలిసింది. ఆ పట్టీని ఉప్పుకాగితంతో కొంచెం అరగదీశాక వేలు ఎక్కడా ఆగలేదు. ఈ పరీక్షను ఎవరూ వదిలిపెట్టవద్దని నా మనవి, ఎందుకంటే అచ్చులో ఉన్న గూను బోర్డు అడుగున అలాగే అచ్చుపడి, ప్రతి పరుగులోనూ నీటిని రేపుతుంది.

నాకు చివరికి కావలసిన ముక్కు ఎత్తు రెండు అంగుళాలే అయినా అచ్చులో రెండున్నర (64 మిల్లీమీటర్లు) పెట్టడానికి కారణం, ఏ ఫోమైనా కొంత వెనక్కి తిరుగుతుంది. ఒకే మందపాటి షీటును వంచి వదిలేస్తే దాదాపు మొత్తం తిరిగిపోతుంది. అదే మందాన్ని రెండు సమాన పొరలుగా, వంచి ఉన్నప్పుడే అతికిస్తే, లెక్క ప్రకారం నాలుగో వంతు మాత్రమే తిరుగుతుంది, ఎందుకంటే జిగురు ఆరాక పొరలు ఒకదాని మీద ఒకటి జారలేవు. 3/8, పావు అంగుళం షీట్లు విడివిడిగా కొన్నది ఇందుకే. రెండూ కలిస్తే స్కిమ్‌బోర్డుకు సరిపడే 5/8 అంగుళం వస్తుంది. మధ్యలో చిక్కబరచిన ఎపాక్సీ రాసి, రెండు షీట్లనూ అచ్చు మీద పెట్టి, ప్లాస్టిక్ కప్పి, పైన తోటలో వాడే ఇసుక బస్తాలు ఎనిమిది పేర్చాను. అచ్చు పళ్ళెంలా లోపలికి వంగి ఉంటుంది కాబట్టి ఇసుక తనంతట తానే సర్దుకుని అంతటా సమంగా నొక్కింది, క్లాంపులు ముక్కు దగ్గర రెండే అవసరమయ్యాయి. ఇరవై నాలుగు గంటల తరువాత బస్తాలు తీసి, చదును బల్ల మీద పెట్టి ముక్కు ఎత్తు కొలిస్తే 51 మిల్లీమీటర్లు వచ్చింది. రెండు అంగుళాలకు ఇంత దగ్గరగా రావడం చూసి నాకు కలిగిన ఆనందం దాచుకోదగినది కాదు. గులాబీ బోర్డును తొందరపడి అయిదు గంటలకే అచ్చు నుంచి తీసినప్పుడు 64లో మిగిలింది 38 మాత్రమే.

కోత, చెక్కడం విషయంలో ఈ ఫోమ్ పాలీస్టైరిన్ కంటే ఎంతో క్రమశిక్షణ గలది. సన్నపళ్ళ రంపంతో కోస్తే అంచు రాలకుండా శుభ్రంగా వస్తుంది. అంచులను గుండ్రంగా చేయడానికి 80 నంబరు ఉప్పుకాగితం చాలు. దాని పొడి మాత్రం చాలా సన్నగా ఉండి గాలిలో తేలుతుంది కాబట్టి మంచి మాస్కు లేకుండా ముట్టుకోకూడదు. గ్లాస్ గుడ్డ చదరపు గజానికి ఆరు ఔన్సుల రకం, అడుగున రెండు పొరలు, పైన రెండు, మడమ పడే చోట అదనంగా ఒకటి వేశాను. ఎపాక్సీని డబ్బాలో ఎక్కువగా కలిపి ఉంచితే తన వేడికి తానే ఉడికి గట్టిపడుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్ళెంలోకి ఒంపుకోవడం మేలు. చవకగా దొరికే పాలియెస్టర్ రెసిన్ గులాబీ ఫోమ్‌ను కరిగించేస్తుంది. ఎచ్80 దాన్ని తట్టుకుంటుంది గానీ, పట్టు బాగుంటుందని నేను ఎపాక్సీనే వాడాను.

ఈ ఫోమ్‌లో నాకు కనిపించిన అసలు లోపం వేడి. ఎండలో, ముఖ్యంగా మూసి ఉన్న కారులో వదిలేస్తే, లోపలి వాయువు బయటికి వచ్చి గ్లాస్ కింద బుడగలు లేపుతుంది. అందుకే బోర్డుకు నల్లరంగు కావాలని మా అమ్మాయి ఎంత అడిగినా తెలుపే వేశాను. హీట్ గన్‌తో వేడిచేసి వంచవచ్చని కొందరు అంటారు. వేడికి ఈ ఫోమ్ మెత్తబడే మాట నిజమే, కానీ చేతి పరికరంతో అంత పొడవునా ఒకే వేడి అందించడం సాధ్యం కాదు. మిగిలిన ఫోమ్ ముక్క కొన మీద ప్రయత్నిస్తే ఒక చోట గోధుమరంగుకు మారి ఉబ్బింది, పక్కనే ఇంకా చల్లగా ఉంది. రెండు పొరల పద్ధతి ఉండగా ఆ దారి అనవసరం. ధర కూడా లోపమే. పెరిగే పిల్లలకు ఏడాదికో బోర్డు చేయాలంటే ఇది భారం, మొదటిసారి ప్రయత్నించేవారు ఇంత ఖరీదైన షీటును పాడుచేసుకుంటే మనసు కష్టపడుతుంది. అలాంటివారు మొదట గులాబీ ఫోమ్‌తో ఒక బోర్డు చేసి, అదే అచ్చును ఉంచుకుని, రెండోదానికి దీన్ని కొనడం మంచిది. ఒకే ఒక మందపాటి షీటు కొనవద్దు; ధరలో పెద్ద తేడా లేకపోయినా వంపులో చాలా తేడా ఉంటుంది.

బోర్డు బరువు అయిదు పౌండ్లకు కొంచెం అటూఇటూగా తేలింది. అలీసోలో మొదటి రోజు నేను ఒడ్డున నిలబడి ముక్కునే చూస్తున్నాను. పాత బోర్డు గుచ్చుకునే చోట, అల పాదం దగ్గర తెల్లని నురుగు మడత పడే చోట, ఇది ఒక క్షణం నెమ్మదించి, నీటిని కిందికి నొక్కి పైకెక్కింది. వేసవి అంతా వారానికి రెండు మూడు సార్లు వాడాక వెనుక కాలు పడే చోట వేలితో తడిమి చూశాను, గుంట ఒక్కటీ లేదు. నిన్న చదును బల్ల మీద పెట్టి ముక్కు ఎత్తు మళ్ళీ కొలిచాను: 50 మిల్లీమీటర్లు.