జిరోనా బస్సులో ఒక రోజు, వాల్స్ ఉల్లితోటలో ఒక రోజు

బార్సిలోనా వెళ్ళేవాళ్ళు ఊరి బయటికి డే ట్రిప్ బుక్ చేసుకుంటే ఎన్ని చోట్లు చూపిస్తారని కాకుండా, ఎవరు తీసుకెళ్తారో ముందు కనుక్కోండి. మేం రెండు ట్రిప్పులు చేశాం. ఒకదానికి 320 యూరోలు, ఇంకోదానికి 340. మొదటి రోజు మా అత్తయ్య బ్రెడ్డు ముక్కలు, బ్యాగులో మిగిలిన చేగోడీలతో గడిపారు. రెండో రోజు ఆవిడే మోచేతుల దాకా మసి పూసుకుని కడుపునిండా తిన్నారు. ఆ తేడా గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

2025 ఫిబ్రవరిలో మావారికి బార్సిలోనాలో ఆఫీసు పని పడింది. పాపకి పదకొండేళ్ళు, స్కూలుకి సెలవు పెట్టించాం. అత్తయ్యకి అరవై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు, పూర్తి శాకాహారం, గుడ్డు కూడా ముట్టరు. సగ్రాదా ఫమీలియా చర్చి, గౌదీ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఇళ్ళు, సముద్రం ఒడ్డు అన్నీ సాఫీగా జరిగిపోయాయి. మోంట్సెరాట్ కొండకి మేమే ప్లాసా ఎస్పాన్యా నుంచి రైలెక్కి, కింద పళ్ళచక్రాల రైలు మారి వెళ్ళొచ్చాం. 1025లో పెట్టిన మఠానికి సరిగ్గా వెయ్యేళ్ళు నిండిన ఏడాది కావడంతో జనం బాగా ఉన్నారు. నల్లటి మేరీమాత విగ్రహం ముందు అత్తయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. అక్కడ గైడ్ అవసరమే లేదు.

ఇక బస్సు ట్రిప్. పెద్దవాళ్ళకి 79 యూరోలు, పాపకి 59. డబ్బు కట్టాక, టోల్ చార్జీలని తలకి 6 యూరోల చొప్పున ఇంకో 24 అడిగారు. మొత్తం 320, ఆ రోజు రేటులో దాదాపు 29,000 రూపాయలు. "జిరోనా, ఫిగెరెస్, దాలీ మ్యూజియం, కాటలాన్ సంప్రదాయ భోజనం" అని రాసి ఉంది. బుక్ చేసేటప్పుడు వెజిటేరియన్ అని టిక్ పెట్టాను. చాలదని మెసేజ్ కూడా పెట్టాను. "సమస్యే లేదు" అని జవాబొచ్చింది.

పొద్దున ఎనిమిదింపావుకి రమ్మన్నారు. బస్సు కదిలేసరికి తొమ్మిది దాటింది. యాభై మందిమి. మైక్ పట్టుకున్న అబ్బాయి ఒక్కో విషయం మూడు భాషల్లో చెప్పేవాడు. ఇంగ్లీషు వంతు వచ్చేసరికి చెప్పిన చోటు వెనక్కి వెళ్ళిపోయేది. జిరోనాలో దింపి "గంటన్నర, మళ్ళీ ఇక్కడికే రండి" అన్నాడు. అంతే, మాతో రాలేదు.

జిరోనా అలా గంటన్నరలో చుట్టేసే ఊరు కాదు. ఒన్యార్ నది అంచున పసుపు, ఇటుక రంగు ఇళ్ళు గోడకి గోడ ఆనించి నిలబడి ఉంటాయి. నది మీద ఎర్రటి ఇనుప వంతెన ఒకటి ఉంది. పారిస్ టవర్ కంటే ముందే, 1877లో ఐఫెల్ కంపెనీ కట్టింది. కెథడ్రల్ లోపల మధ్య మండపం వెడల్పు దాదాపు 23 మీటర్లు, నడిమధ్య ఒక్క స్తంభం ఉండదు. గోతిక్ చర్చిల్లో అంత వెడల్పైనది ఇంకెక్కడా లేదు. 1492లో వెళ్ళగొట్టేదాకా యూదులు బతికిన సందులు పక్కనే ఉన్నాయి. ఇవన్నీ నేను హోటల్లో చదువుకున్నవి, ఆ అబ్బాయి చెప్పినవి కావు. కెథడ్రల్ ముందు తొంభై దాకా మెట్లున్నాయి. అత్తయ్య కిందే రాతి అరుగు మీద కూర్చుని "మీరు వెళ్ళిరండి" అన్నారు. పైకి ఇంకో దారేమైనా ఉందా అని అడగడానికి పక్కన మనిషి ఉంటే కదా. నేను మెట్లెక్కాను కానీ మనసంతా కిందే ఉంది, నిమిషానికోసారి వెనక్కి చూస్తూనే ఉన్నాను.

భోజనం హైవే పక్కన పెద్ద హాల్లో. సంప్రదాయ భోజనం అంటే పయేయా అనే అన్నం వంటకం పెట్టారు. పయేయా అసలు వాలెన్సియా వంటకం, బార్సిలోనా ఉన్న కాటలోనియాది కాదు. ఆ సంగతి పక్క టేబుల్ దగ్గర కూర్చున్న మాడ్రిడ్ ఆయనే కోపంగా అన్నాడు. మధ్యలో అన్నం వేడిగా, అంచుల్లో చల్లగా ఉంది. అత్తయ్యకి వెజిటేరియన్ ప్లేటని తెచ్చింది లెట్యూస్ ఆకులు, టమాటా, వాటి మీద ట్యూనా చేప. చేప అని చూపిస్తే వెయిటర్ "మాంసం లేదండీ" అన్నాడు. మైక్ అబ్బాయిని పిలిచాం. "నేను వెజ్ అనే చెప్పాను, మిగతాది వంటవాళ్ళ పని" అని వెళ్ళిపోయాడు. ఇంకో ప్లేటు రాలేదు. అత్తయ్య గొడవ వద్దని మావారి చెయ్యి పట్టుకుని ఆపారు. బ్రెడ్డు తుంచుకుని తింటూ "నాకు ఆకలి లేదమ్మా" అన్నారు నాతో. ఆ మాట ఆవిడ ఎప్పుడంటారో పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నాకు బాగా తెలుసు. పాప పయేయా ప్లేటు పక్కకి నెట్టేసి, నానమ్మ తినకపోతే నేనూ తిననని కూర్చుంది.

ఫిగెరెస్‌లో చిత్రకారుడు దాలీ మ్యూజియంకి ఇచ్చింది యాభై నిమిషాలు. పాపకి ముంగిట్లో ఉన్న, లోపల వాన పడే కారు తెగ నచ్చింది. దాలీ సమాధి కూడా ఆ భవనంలోనే ఉందని బయటికొచ్చాకే తెలిసింది. రాత్రి గదికొచ్చాక మావారు ఎవరితోనూ మాట్లాడలేదు.

రెండో ట్రిప్ రద్దు చేద్దామనే అనుకున్నాం. అప్పటికే ఒక గైడ్‌కి మెయిల్ పెట్టి ఉన్నాను. ఆవిడ ఫోన్ చేసి, డబ్బు మాట ఎత్తకుండా ముందు తిండి గురించి అడిగింది. ఉల్లిపాయ తింటారా? వెల్లుల్లి? గుడ్డు? మాంసం కాల్చిన ఇనప జల్లెడ మీదే కూరగాయలు కాలిస్తే పెద్దావిడకి అభ్యంతరమా? ఆ చివరి ప్రశ్న ఇన్నేళ్ళ ప్రయాణాల్లో మమ్మల్ని ఎవరూ అడగలేదు. అత్తయ్య పక్కనుంచి వింటూ "శనివారం మాత్రం ఉల్లి తినను" అన్నారు. వెంకటేశ్వరస్వామికి మొక్కు. మా బుకింగ్ శనివారానికే. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "అయితే ఆదివారానికి మార్చేస్తాను, ఈ ట్రిప్పంతా ఉల్లిపాయల గురించే" అంది.

పెద్దవాళ్ళకి 95, పాపకి 55, మొత్తం 340 యూరోలు. సుమారు 31,000 రూపాయలు. వ్యాన్, గైడ్, భోజనం అన్నీ అందులోనే. మాతోపాటు డచ్ దంపతులు ఇద్దరు, అంతే. హోటల్ గుమ్మం దగ్గరికే వచ్చి అత్తయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టింది. వెనక సీటు ఇరుకు, పొడుగైనవాళ్ళకి మోకాళ్ళు తగులుతాయి, అదొక్కటి చెప్పాలి.

హైవే ఎక్కగానే మావారు టోల్ ఎంతని అడిగారు. "ఈ రోడ్ల మీద టోల్ 2021 సెప్టెంబర్‌లోనే తీసేశారు కదా" అంది ఆవిడ. జిరోనా వైపుకో అని అడిగితే, అటూ లేదంది. మావారు ఫోన్ తీసి బస్సు రసీదు చూపించారు. ఆవిడ ఒకటికి రెండుసార్లు చదివి, తనే మోసం చేసినట్టు సిగ్గుపడింది. ఎవరికి ఎలా రాయాలో ఇంగ్లీషులో దగ్గరుండి చెప్పింది.

వాల్స్ తర్రగోనా వైపు చిన్న ఊరు, బార్సిలోనా నుంచి వంద కిలోమీటర్లు. మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి కట్టే కాస్టెల్స్ అనే గోపురాలకి పుట్టిల్లు అదే. మన ఉట్టి కొట్టే పిరమిడ్ లాంటివే గానీ ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తులు లేపుతారు. 2010లో యునెస్కో జాబితాలో చేర్చారు. సీజన్ మామూలుగా ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా, కాబట్టి మాకు చూసే వీలు లేదు. ఆ సంగతి ముందే చెప్పి, టౌన్‌హాల్ ముందున్న చౌరస్తాలో ఆవిడ తన నడుముపట్టీ బయటికి తీసింది. కొన్ని మీటర్ల పొడుగున్న నల్ల గుడ్డ, ఫాషా అంటారు. ఒక కొస ఆవిడ లాగి పట్టుకుంది, రెండో కొస పాప నడుముకి ఆనించి గిరగిరా తిరుగుతూ దగ్గరికి రమ్మంది. వదులైతే మళ్ళీ విప్పి మొదట్నుంచి. ఆ పట్టీ నడుముకి బలం, పైకెక్కే వాళ్ళ పాదాలకి మెట్టు. చిట్టచివర ఎక్కేది మా పాప కంటే చిన్న పిల్లలేనట, పైకి చేరి చెయ్యి ఎత్తితేనే లెక్క. అత్తయ్య ముందుకొచ్చి "అలా కాదమ్మా, బిగించాలి" అని మడత సర్దారు. రోజూ చీర కట్టుకునే చెయ్యి కదా, గైడ్ చేసినదానికంటే గట్టిగా నిలిచింది.

అక్కడి నుంచి ఊరి బయట తోటలోకి వెళ్ళాం. కల్సోట్ అంటే ఉల్లిలోనే ఒక రకం సాగు. ఒకసారి పండిన ఉల్లిగడ్డని తీసి మళ్ళీ నాటుతారు. ఒక్కో గడ్డ నాలుగైదు కాడలు వేస్తుంది. కాడ పెరిగేకొద్దీ మొదట్లో మట్టి ఎగదోస్తూ పోతారు, ఎండ తగలక కాడ తెల్లగా, తియ్యగా అవుతుంది. కాటలాన్‌లో ఆ ఎగదోయడాన్ని కల్సార్ అంటారు, పేరు అందులోంచే వచ్చింది. మాది ధర్మవరం, వేరుశనగ చేలలో పెరిగినదాన్ని. సాలు మధ్య కూర్చుని మట్టి తీసి చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు.

ద్రాక్ష కొమ్మల మంట మీద కల్సోట్‌లని పైపొర బొగ్గయ్యేదాకా కాల్చారు. తీసి న్యూస్‌పేపర్‌లో గట్టిగా చుట్టి కాసేపు ఉంచారు, లోపలి ఆవిరికే మెత్తబడతాయి. తర్వాత ఇంటి పెంకుల్లో పేర్చి తెచ్చారు. మన నాటు పెంకులాంటిదే, వేడి నిలబడుతుంది. అందరి మెడకీ గుడ్డలు కట్టారు. ఎడమచేత్తో పై ఆకులు పట్టుకుని, కుడిచేత్తో మొదట్లో నొక్కి కిందికి లాగితే నల్లటి తొడుగు మొత్తం ఊడొచ్చి, లోపల తెల్లటి కాడ పొగలు కక్కుతూ జారుతుంది. దాన్ని సల్విచాడా అనే సాస్‌లో ముంచి, తల వెనక్కి వాల్చి పైనుంచి నోట్లోకి దించుకోవాలి.

ఆ సల్విచాడా గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం. బాదం, కాల్చిన టమాటా, వెల్లుల్లి, న్యోరా అనే గుండ్రటి ఎండుమిరప, వెనిగర్, ఆలివ్ నూనె వేసి నూరింది. అత్తయ్య వేలితో నాకి "రోటి పచ్చడే, కారం వెయ్యడం మర్చిపోయారు" అన్నారు. బ్యాగులోంచి కందిపొడి సీసా తీసి ఒక మూల కలిపారు. గైడ్, తోట యజమాని, డచ్ ఆయన అందరూ రుచి చూశారు. యజమాని ఇంకోసారి అడిగి పెట్టించుకున్నాడు. మావారు 23 కల్సోట్‌లు తిన్నారు. అత్తయ్య పదకొండు లెక్కపెట్టి ఆపారు. పొడుగు ముక్కున్న గాజుకూజాలోంచి వైన్ ఎత్తి తాగబోయి మావారు చొక్కా పాడుచేసుకున్నారు. పాత బట్టలే వేసుకెళ్ళండి, మసి ఉతికినా పోదు.

మిగతావాళ్ళకి సాసేజ్‌లు, గొర్రె మాంసం వడ్డించారు. అత్తయ్యకి వేరే జల్లెడ మీద కాల్చిన ఆర్టిచోక్‌లు, తెల్ల బీన్స్, టమాటా రుద్ది నూనె వేసిన బ్రెడ్డు. చివర్లో క్రెమా కాటలానా అనే తీపి వస్తుంటే, అందులో గుడ్డు ఉందని గైడే ఆపి, అత్తయ్య ముందు నారింజలు, వేయించిన హేజెల్‌నట్స్ పెట్టించింది. మేం ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు.

మధ్యాహ్నం పోబ్లెట్ మఠం, తర్వాత మోంబ్లాంక్ కోట గోడలు చూడాల్సింది. అత్తయ్య నడక చూసి ఆవిడ డచ్ వాళ్ళనీ అడిగి మోంబ్లాంక్ వదిలేసింది. పోబ్లెట్‌లో అరగొన్ రాజుల సమాధుల దగ్గర తీరిగ్గా గంటసేపు ఉన్నాం. ఒక చోటు తగ్గిందని ఎవరికీ బాధ కలగలేదు.

తిరుగు దారిలో మీది హైదరాబాదేనా అని అడిగింది. నేను అనంతపురం అన్నాను. "అనంతపూర్!" అని గట్టిగా అరిచి, వ్యాన్‌ని పెట్రోల్ బంకులోకి తిప్పి ఆపింది. మా వైపు పేదల కోసం పనిచేసిన విసెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవాడని మా దగ్గర అందరికీ తెలుసు. 1969లో అనంతపురం వచ్చి, 2009లో అక్కడే పోయారు. ఆయన పెట్టిన సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రిలో మా చెల్లెలికి కాన్పు అయింది. గైడ్ వాళ్ళమ్మ ఆ సంస్థ ద్వారానే కొన్నేళ్ళుగా అనంతపురంలో ఒక అమ్మాయి చదువుకి నెలనెలా డబ్బు పంపుతోందట. ఫోన్‌లో ఆ అమ్మాయి ఉత్తరం ఫొటో చూపించింది. పైన గుండ్రటి తెలుగు అక్షరాలు, కింద స్పానిష్ అనువాదం. ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, పైన ఉన్నది చదివి వినిపించమంది.

"మా ఊర్లో ఈసారి వాన బాగా పడింది. నేను ఆరో తరగతి పాసయ్యాను. మా అమ్మ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది." చదువుతుంటే నా గొంతు పట్టేసింది. అటువైపు నుంచి ఏదో కాటలాన్‌లో అన్నారు. ఇంకోసారి చదవమంటోంది అని చెప్పింది గైడ్. ఈసారి అత్తయ్య ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, మెల్లగా ఒక్కో మాటా చదివారు.

హోటల్‌కి గంట ఆలస్యంగా చేరాం. కల్సోట్‌లు నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి, రెండు వారాల ముందే మాట్లాడుకోండి.

బస్సు కంపెనీకి మెయిల్ రాశాం. పందొమ్మిది రోజులకి టోల్ పేరుతో తీసుకున్న 24 యూరోలు వెనక్కి వచ్చాయి. భోజనం గురించి రాసినదానికి మాత్రం ఇంతవరకు జవాబు లేదు.