మందుపాతర వాసన: తేనెటీగకా, ఎలుకకా?

తేనెటీగలకు చదువు తొందరగా వస్తుంది. మందుపాతరల్లో ఉండే పేలుడు పదార్థం టీఎన్‌టీ వాసన పట్టించిన చక్కెర నీళ్లు రెండు మూడు రోజులు తాగిస్తే చాలు, ఆ వాసన వచ్చే చోట తచ్చాడతాయి. కంటితో లెక్కపెట్టలేం కాబట్టి లేజర్ కిరణం పంపి, ఈగల మీద పడి తిరిగొచ్చిన వెలుగును బట్టి ఎక్కడ మూగాయో పటం గీస్తారు. అమెరికాలో మోంటానా పరిశోధకులు 2003లో చేసి చూశారు. ఎవరూ నేల మీద కాలు పెట్టక్కర్లేదు, అదే దీని అందం. కానీ వానపడినా, చలేసినా, చీకటిపడినా ఈగ పెట్టె దాటదు. గడ్డి ఏపుగా పెరిగితే లేజర్‌కు అదో అడ్డు.

టాంజానియాలో అపోపో సంస్థ పెంచే పెద్ద ఎలుకకు శిక్షణే నెలల తరబడి. అయితేనేం, టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చుట్టేసి, పాతర ఉన్నచోటే గీరి చూపిస్తుంది. తేలికది, తొక్కినా పేలదు. కచ్చితత్వం కావాలంటే నా ఓటు ఎలుకకే. కంబోడియాలో మగావా అనే ఎలుక 71 మందుపాతరలు పట్టింది. 2020లో బంగారు పతకమూ అందుకుంది.